క్వయర్‌తో ఫ్రాన్స్ పర్యటన: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్యటన ఖాయమైందని తెలిసిన రోజు నుంచి ఫోన్ మోగుతూనే ఉంటుంది. వీసా ఎప్పుడు వేయాలి, చర్చిలో చలేస్తుందా, ఆవకాయ తెచ్చుకోవచ్చా? అడిగేవాళ్లు మారతారు, ప్రశ్నలు మారవు. అందుకే వాటిని ఒకచోట రాసి పెడుతున్నాను. హైదరాబాద్, విశాఖ, గుంటూరు లాంటి ఊళ్ల నుంచి క్వయర్‌తో (కలిసి పాడే బృందంతో) వెళ్లేవాళ్లకూ, లండన్‌లోనో డల్లాస్‌లోనో అక్కడి క్వయర్‌లో చేరి పాడుతున్న తెలుగువాళ్లకూ ఇది పనికొస్తుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ఒప్పుకునే ముందు

మాలో ఒక్కరూ ప్రొఫెషనల్ కాదు. ఫ్రాన్స్‌లో మమ్మల్ని పాడనిస్తారా?

నిక్షేపంగా పాడనిస్తారు. అక్కడ చిన్న ఊళ్లలో కూడా వారానికోసారి సాధన చేసే ఔత్సాహిక క్వయర్లు ఉంటాయి. అమెచ్యూర్ కళాకారులు పారితోషికం తీసుకోకుండా జనం ముందు పాడటానికి 2016లో వచ్చిన చట్టం స్పష్టంగా వీలు కల్పించింది. ప్రయాణ ఖర్చులు తిరిగి తీసుకోవచ్చు, జీతం మాత్రం తీసుకోకూడదు. మీరు ముందుగా వెతకాల్సింది హాలు కాదు, ఆతిథ్యమిచ్చే స్థానిక క్వయర్. వాళ్లుంటే చర్చి అనుమతి, పోస్టర్లు, కుర్చీలు, చివరికి జనం కూడా వాళ్లే చూసుకుంటారు. కచేరీలో సగం వాళ్లు, సగం మీరు, చివర్లో ఒక పాట కలిసి. ఎవరికీ తెలియని విదేశీ బృందం ఒంటరిగా కచేరీ పెడితే ముందు వరుసలో నిర్వాహకులు తప్ప ఎవరూ ఉండరు.

ఏ నెలలో వెళ్తే మంచిది?

మే చివరి నుంచి జూలై మొదటి వారం దాకా. మే నెల మొదట్లో 1, 8 తేదీలు సెలవులు. క్రీస్తు ఆరోహణ పండుగ గురువారం వస్తుంది కాబట్టి చాలామంది శుక్రవారం కూడా కలుపుకుని ఊరెళ్లిపోతారు. ఆగస్టులో స్థానిక క్వయర్లు సాధన ఆపేస్తాయి, సంగీత పాఠశాలలు మూసేస్తారు, పారిస్ సగం ఖాళీ అవుతుంది. దక్షిణాన ప్రొవాన్స్ వైపు మాత్రం ఆగస్టులో పర్యాటకులే శ్రోతలు, అక్కడ హాయిగా పాడుకోవచ్చు. సెప్టెంబరులో అందరూ సెలవుల నుంచి తిరిగొచ్చి కొత్త పాటలు మొదలుపెడుతుంటారు, మీతో కలిసి పాడే తీరిక ఉండదు.

ఎనిమిది రోజుల్లో ఎన్ని కచేరీలు పెట్టుకోవచ్చు?

నాలుగు. ఐదోది అడిగితే నేనైతే వద్దంటాను. కాగితం మీద ఆరు కూడా పడతాయి. కానీ కచేరీ అంటే ఆ గంటన్నర మాత్రమే కాదు. బస్సు ప్రయాణం, సామాను దించడం, కొత్త చోట నిలబడి పాడి చూడటం, రాత్రి పదిన్నర తర్వాత తిండి, పడుకునేసరికి ఒంటిగంట. మూడో రోజుకల్లా సొప్రానోల (పై శ్రుతిలో పాడే ఆడగొంతుల) పై స్వరాలు జారడం మొదలవుతుంది. కచేరీ ఉన్న రోజు ఊరు చూసే కార్యక్రమం పెట్టకండి. కోటలూ మ్యూజియాలూ కచేరీ లేని రోజుకు ఉంచండి. ఈ ఒక్క నియమం పాటిస్తే పర్యటనలో సగం గొడవలు ఉండవు.

పోటీలకు వెళ్లాలా, ఊళ్లలో పాడుకోవాలా?

తూర్ నగరంలో ఏటా జరిగే ఫ్లోరిలేజ్ వోకల్ పేరున్న అంతర్జాతీయ పోటీ. 1972 నుంచి ఉంది, స్థాయి చాలా ఎక్కువ. మొదటిసారి వెళ్లే బృందానికి నేను చెప్పేది ఊళ్లలో పాడుకోమనే. పోటీ కాకుండా పెద్ద మేళం చూడాలనుకుంటే వేజోఁ లా రొమేన్‌లో మూడేళ్లకోసారి ఆగస్టులో కొరాలీ అనే ఉత్సవం జరుగుతుంది. 1953లో మొదలైంది. రాత్రిపూట పాత రోమన్ థియేటర్‌లో వేలమంది ఒకే గొంతుతో పాడతారు. అక్కడ శ్రోతలు, గాయకులు అని వేరుగా ఉండరు.

టికెట్ పెడితే ఖర్చులు వస్తాయి కదా, అందరూ ఎందుకు వద్దంటున్నారు?

కాథలిక్ చర్చిలో కచేరీకి ప్రవేశం ఉచితంగా ఉండాలని, భక్తి సంగీతానికే ప్రాధాన్యం ఇవ్వాలని వాటికన్ 1987లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా కొన్నిచోట్ల టికెట్ కచేరీలు జరుగుతూనే ఉంటాయి. ఆ ఊరి ఫాదర్‌ను అక్కడ క్యురే అంటారు, చివరి మాట ఆయనదే. ఎక్కువమంది పాటించే పద్ధతి ‘లిబ్ర్ పార్టిసిపాసియోఁ’. లోపలికి ఉచితం, బయటికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర బుట్టలో ఇష్టమైనంత వేస్తారు. పేరు తెలియని బృందానికి ఇదే లాభం. ఇరవై యూరోల టికెట్ అంటే రానివాళ్లు ఊరికే వచ్చి, పాట నచ్చితే నోటు వేసి వెళ్తారు. ఆఖరి పాటకు ముందు స్థానికుల్లో ఒకరు ఫ్రెంచిలో రెండు మాటలు చెప్పి బుట్ట సంగతి గుర్తుచేయాలి. ఆ డబ్బులో ఎవరి వాటా ఎంతో ముందే ఈమెయిల్‌లో రాసుకోండి. ఎంత స్నేహమున్నా సరే.

## కాగితాలు, అనుమతులు

వీసా ఎప్పుడు వేయాలి? పాడటానికి వెళ్తున్నామని చెప్పాలా?

చెప్పాలి. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు షెంగెన్ (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమి) షార్ట్ స్టే వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దలకు ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీస్ చార్జీ దీనికి అదనం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. టూరిజం అని రాసి, బ్యాగులో నల్ల డ్రెస్సు, స్కోర్ల (స్వరాలు రాసిన కాగితాల) ఫైలు పెట్టుకుని దిగడం తెలివైన పని కాదు. ఆతిథ్య క్వయర్ నుంచి కచేరీల తేదీలు, స్థలాలు, పారితోషికం లేదన్న మాట ఉన్న ఆహ్వాన పత్రం తెప్పించి జతచేయండి. మూడు నెలల లోపు సాంస్కృతిక కార్యక్రమాలకు వచ్చేవాళ్లకు ఫ్రాన్స్‌లో విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. వీసా మాత్రం తప్పదు.

అక్కడ వాళ్ల ఇళ్లలోనే ఉంటాం. అప్పుడు హోటల్ బుకింగ్ అక్కర్లేదు కదా?

హోటల్ అక్కర్లేదు గానీ ఇంకో కాగితం కావాలి. మీకు గది ఇచ్చే ఇంటివాళ్లు వాళ్ల ఊరి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి ‘అతెస్తాసియోఁ దక్కేయ్’ అనే పత్రం తీసుకోవాలి. దానికి 30 యూరోల స్టాంపు, గుర్తింపు పత్రాలు, ఇంటి వివరాలు, కొంత నిరీక్షణ. ఒకరిద్దరికైతే పరవాలేదు. ముప్పై మంది గాయకులకు ముప్పై ఇళ్లవాళ్లను తిప్పడం న్యాయం కాదు. వీసా అవసరమైనవాళ్లందరినీ ఒక హాస్టల్‌లోనో చౌక హోటల్‌లోనో పెట్టి, ఇళ్లకు భోజనానికి వెళ్లడం మేలు.

నేను బ్రిటన్‌లో ఉంటాను, మా క్వయర్‌లో నాకొక్కడికే వీసా కావాలంటున్నారు. నిజమేనా?

నిజమే. మీరెక్కడ ఉంటున్నారన్నది కాదు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నదే లెక్క. బ్రిటన్ రెసిడెన్సీ, అమెరికా గ్రీన్ కార్డు షెంగెన్‌లో పనిచేయవు. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. తేదీలు ఖరారు కాగానే మీ సెక్రటరీకి చెప్పి ఆహ్వాన పత్రం మీ పేరు మీద ముందే అడగండి. బస్సులో అందరూ కలిసే వెళ్లినా సరిహద్దు దగ్గర మీ కాగితాలు మీ చేతిలోనే ఉండాలి.

చర్చిలో పాడటానికి అనుమతి ఎవరిని అడగాలి? మునిసిపాలిటీనా, ఫాదర్‌నా?

ఇద్దరినీ, ముందు ఫాదర్‌ను. ఇది చాలామందికి అర్థంకాని విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 1905లో ఫ్రాన్స్ మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీస్తూ చట్టం చేసింది. దాని ఫలితంగా అంతకుముందు కట్టిన ఊరి చర్చిలు చాలావరకు ఆ ఊరి మునిసిపాలిటీ ఆస్తి అయ్యాయి, కథీడ్రళ్లలో ఎక్కువ భాగం ప్రభుత్వానివి. కానీ వాటిని వాడుకునే హక్కు మాత్రం పూజకే, అంటే చర్చివాళ్లకే. పైకప్పు బాగుచేయించేది మేయర్, తలుపు తాళం క్యురే దగ్గర. కచేరీ పూజ కాదు కాబట్టి క్యురే ఒప్పుకోకుండా మేయర్ ఒక్కడే ఇవ్వలేడు. అల్సాస్, మొజెల్ ప్రాంతాలు 1905లో జర్మనీ కింద ఉండేవి, అక్కడి నిబంధనలు ఇప్పటికీ వేరు.

ఈ రోజుల్లో ఒక్క క్యురే పది పదిహేను ఊళ్లు చూసుకోవడం మామూలే. జవాబు రావడానికి వారాలు పడుతుంది. ఆరు నెలల ముందు ఫ్రెంచిలో రాయండి. తేదీ, రిహార్సల్ గంటలు, ఎంతమంది, ఏయే పాటలు, వాటి సాహిత్యం అర్థంతో సహా పంపండి. పాటల జాబితా తర్వాత ఇస్తామంటే అనుమతి కూడా తర్వాతే వస్తుంది.

సాసెమ్ అంటే ఏమిటి? ఉచిత కచేరీకి కూడా డబ్బు కట్టాలా?

స్వరకర్తల హక్కుల సొమ్ము వసూలు చేసే సంస్థ, 1851 నుంచి ఉంది. పారిస్‌లో ఒక కేఫ్‌లో తమ పాటలు వాయిస్తుంటే విన్న స్వరకర్తలు ‘మా పాటకు మీరు డబ్బివ్వరు, మీ డ్రింకుకు మేమెందుకివ్వాలి?’ అని బిల్లు కట్టడానికి నిరాకరించారు. ఆ గొడవ కోర్టుకెక్కి, అందులోంచి ఈ సంస్థ పుట్టింది. కచేరీ ఉచితమైనా కట్టాలి. సాధారణంగా స్వరకర్త చనిపోయిన 70 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. 1924లో పోయిన ఫ్రెంచి స్వరకర్త ఫోరే పాటలకు కట్టక్కర్లేదు, 1963లో పోయిన పులెంక్ పాటలకు 2033 చివరిదాకా కట్టాలి. తిరకాసు అరేంజ్‌మెంట్లలో ఉంది. పాట వందల ఏళ్ల జానపదమే కావచ్చు, దాన్ని నాలుగు గొంతులకు అమర్చినవాళ్లు బతికే ఉంటే వాళ్లకు హక్కు ఉంటుంది. కచేరీని ముందే డిక్లేర్ చేస్తే తగ్గింపు దొరుకుతుంది. ఆ పని ఆతిథ్య క్వయర్ చేస్తుంది, మీ పని పాట పేరు, స్వరకర్త, అరేంజర్ పేర్లు తప్పుల్లేకుండా పంపడం.

స్కోర్లు జిరాక్స్ తీసుకుని వెళ్తే పట్టుకుంటారా?

పట్టుకోవచ్చు. అక్కడ స్కోర్ల జిరాక్స్ విషయంలో పట్టుదల ఎక్కువ, ఆతిథ్య క్వయర్‌కే ఇబ్బంది. కాపీరైట్ తీరిన పాటలైతే కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ నుంచి ధైర్యంగా ప్రింట్ తీసుకోండి. మిగతావి కొన్న కాపీలే తీసుకెళ్లండి.

## ఇంటి దగ్గర సాధన

అక్కడివాళ్లకు ఏం పాడితే నచ్చుతుంది?

మీవి. ఫ్రెంచి పాటలు వాళ్ల క్వయర్లకంటే మీరు బాగా పాడతారా? మర్యాదకు ఒకటి చాలు. దూరం నుంచి వచ్చిన బృందం నోట వాళ్లు వినాలనుకునేది తాము ఎప్పుడూ విననిది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాగంలో, జానపదాలు లయతో పాడితే అసలు సిసలు చప్పట్లు అక్కడే పడతాయి. ప్రతి పాటకూ రెండు వాక్యాల ఫ్రెంచి పరిచయం రాయించి కరపత్రంలో అచ్చువేయండి. మైకు పట్టుకుని ప్రతి పాటకూ ఉపన్యాసం ఇచ్చే అలవాటు ఉంటే ఇక్కడే వదిలి వెళ్లండి.

త్యాగరాజ కృతి చర్చిలో పాడొచ్చా?

సున్నితమైన ప్రశ్న. ఆ చర్చి మ్యూజియం కాదు, ఆదివారం పూజ జరిగే చోటు. మరో దేవుణ్ణి స్తుతించే పాటను క్యురే ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. రెండూ ఆయన హక్కే. సాహిత్యం, అర్థం రాసి పంపి అడగండి. ‘ఇది సంప్రదాయ గీతం’ అని పైపైన రాసి దాటేయడం మాత్రం వద్దు, మిమ్మల్ని పిలిచిన క్వయర్ మాట పోతుంది. కాదంటే అదే కృతిని ఊరి కమ్యూనిటీ హాల్లోనో సంగీత పాఠశాలలోనో పాడండి. అక్కడ ఎవరి అభ్యంతరమూ ఉండదు, పైగా తంబూరా శ్రుతి, తాళం సాంబ్రాణి పొగలా చెదిరిపోకుండా స్పష్టంగా వినిపిస్తాయి.

ఫ్రెంచి ఉచ్చారణ అస్సలు రావట్లేదు. తెలుగువాళ్లకు కష్టమేనా?

ఇంగ్లిష్‌వాళ్లకంటే మనకే తేలిక. ఫ్రెంచిలో ‘టి’, ‘డి’ అక్షరాలు మన త, ద లాగా పలుకుతాయి. ప, క లు గాలి వదలకుండా మనలాగే అంటారు. శాస్త్రీయ గానంలో వాళ్ల ‘ఆర్’ కూడా నాలుక కొనతో పలికే మన ‘ర’కు దగ్గరే, గొంతులో గరగరలాడించక్కర్లేదు.

కష్టమంతా మూడు చోట్ల. ఒకటి, ‘యు’ (u) అచ్చు. నోట్లో ‘ఈ’ అంటూ పెదాలు మాత్రం ‘ఊ’లా సున్నా చుట్టండి, వస్తుంది. రెండు, ముక్కుతో పలికే అచ్చులు. అక్కడ న్, మ్ లు లేవు. దీర్ఘ స్వరం మీద నాలుక పైకి తగిలితే చెడిపోతుంది. మూడు, మన అలవాటు: మాట చివర హల్లు వస్తే దానికి ఉకారం తగిలించడం. బస్ అన్నది బస్సు అయినట్టే ‘అవెక్’ కాస్తా ‘అవెకు’ అవుతుంది. నలభై మంది ఒకేసారి అలా అంటే చర్చి చివరిదాకా వినిపిస్తుంది. కొన్ని మాటల చివర రాసి ఉండే ‘ఇ’ (e) అక్షరం మాట్లాడేటప్పుడు మాయమైనా, పాటలో దానికి ఒక స్వరం ఇస్తారు. దాన్ని మెత్తగా తాకి వదలాలి. హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచి నేర్చుకుంటున్నవాళ్లు తెలిసుంటే సాహిత్యాన్ని నెమ్మదిగా చదివించి రికార్డు చేసుకోండి.

లాటిన్ పాటలో ఒకరు ‘లుక్స్’ అంటున్నారు, ఫ్రెంచివాళ్లు ఇంకోలా అంటున్నారు. ఏది సరి?

రెండూ. మనం నేర్చుకున్నది ఇటాలియన్ పద్ధతి. 20వ శతాబ్దం మొదట్లో రోమ్ దాన్ని ప్రోత్సహించక ముందు ఫ్రాన్స్‌లో లాటిన్‌ను ఫ్రెంచిలాగే పలికేవారు. ఫోరే రెక్వియమ్ (చనిపోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన సంగీతం) 1888లో పారిస్ మాదలెన్ చర్చిలో మొదటిసారి పాడినప్పుడు అలాగే వినిపించి ఉంటుంది. కలిసి పాడే పాటకు ఆతిథ్య క్వయర్ పద్ధతి ఏదో ముందే అడిగి అదే పాటించండి.

నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. క్వయర్‌లో అది అడ్డమా?

శ్రుతి, కాలప్రమాణం, ఊపిరి వరకు వరం. స్వరం నుంచి స్వరానికి జారడం, గమకం, నలుగురిలో నా గొంతు వినపడాలన్న తహతహ, ఈ మూడూ పక్కన పెట్టాలి. నాలుగు గొంతులు ఒకేసారి పట్టే స్వరాల కలయికలో, అంటే కార్డ్‌లో, ఒక్కరు స్వరాన్ని ఊపినా అది మసకబారుతుంది.

ఒక అభ్యాసం చెప్తాను, మా దగ్గర బాగా పనిచేసింది. తంబూరా పెట్టుకుని బేస్‌లు (కింది మగగొంతులు) షడ్జమం, టెనర్లు (పై మగగొంతులు) పంచమం, ఆల్టోలు (కింది ఆడగొంతులు) అంతర గాంధారం పట్టి నిలబడండి. బాగా శ్రుతి చేసిన తంబూరాలో ఆ గాంధారం దానంతటదే వినిపిస్తుంది కదా, అది పియానో మీటకంటే కొంచెం కిందుగా ఉంటుంది. వాద్యం లేకుండా పాడే క్వయర్ వెతుక్కునేది సరిగ్గా ఆ చోటే. రాతి చర్చిలో ఆ కార్డ్ కుదిరినప్పుడు పైన ఎవరూ పాడని స్వరం ఒకటి మోగుతుంది. మన శ్రుతి జ్ఞానం అక్కడ ఎందుకు పనికొస్తుందో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నీ కంఠతా రావాలా?

అక్కర్లేదు. మొదటి పాట, చివరి పాట, బిస్ పాట (జనం ఇంకోటి అడిగితే పాడేది) వస్తే చాలు. మిగతావి నల్ల ఫోల్డర్‌లో.

## అక్కడ రిహార్సల్

అక్కడి కండక్టర్ ‘మి బెమోల్’ అంటాడు, ‘దో’ అంటాడు. ఆ ‘దో’ మన షడ్జమం లాంటిదేనా?

కాదు. మన ‘స’ ఎక్కడికైనా కదులుతుంది, వాళ్ల ‘దో’ కదలదు. అది ఎప్పుడూ ‘సి’ స్వరమే. వరసగా దో, రె, మి, ఫా, సోల్, లా, సి అంటే సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. వాళ్ల ‘సి’ అంటే మన కీబోర్డు మీద ‘బి’ అని గుర్తుపెట్టుకుంటే సగం టెన్షన్ తీరుతుంది. బెమోల్ అంటే ఫ్లాట్, దియేజ్ అంటే షార్ప్, మెజ్యూర్ అంటే బార్ (స్కోర్‌లో రెండు నిలువు గీతల మధ్య భాగం). అంకెలు వందదాకా వినగానే అర్థమయ్యేలా నేర్చుకోండి. బార్ 97 నుంచి అని వాళ్లంటే అది ‘నాలుగు ఇరవైలు పదిహేడు’ అని వినపడుతుంది, మీరు లెక్కవేసేలోపు పాట అయిపోతుంది.

హాల్లో బాగా వచ్చిన పాట చర్చిలో గందరగోళంగా ఉంది. ఏం చేయాలి?

ముందు గొంతు తగ్గించండి. రాతి గోడలు, ఎత్తయిన కప్పు మీ శబ్దాన్ని చాలా సెకన్లు పట్టుకునే ఉంటాయి. ప్రొవాన్స్‌లో 12వ శతాబ్దపు ల తొరొనె మఠంలో అయితే ఒక స్వరం వదిలాక అది పోయేదాకా ఆగి ఇంకోటి పాడాల్సిందే. అలాంటి చోట బలం పెంచితే స్పష్టత ఇంకా పోతుంది.

వేగం కొంచెం తగ్గించండి. విరామానికి ముందు స్వరాన్ని రాసినదానికంటే ముందే వదిలేయండి, మిగతాది గోడలు పాడతాయి. హల్లులు ముందుగా, గట్టిగా, అచ్చులు మెత్తగా. బేస్‌లు మరీ తగ్గాలి, కింది స్వరాలే ఎక్కువ ముద్దగా అవుతాయి. నిలబడే చోటు కూడా మార్చి చూడండి. బలిపీఠం వెనక లోతుగా నిలబడితే సగం శబ్దం అక్కడే తిరుగుతుంది, కొన్ని అడుగులు ముందుకు వస్తే చాలా మారుతుంది. ఒకరిని చివరి వరుసకు పంపి వినమనండి, కండక్టర్ చెవికి వినపడేది జనానికి వినపడేది ఒకటి కాదు. ఖాళీ చర్చికంటే జనం నిండిన చర్చి కాస్త దయగా ఉంటుంది.

ఆర్గన్‌తో పాడితే శ్రుతి కలవట్లేదు, ఆలస్యంగా వినిపిస్తోంది. తప్పు ఎవరిది?

ఎవరిదీ కాదు. గొట్టాల ఆర్గన్ శ్రుతి గాలి వేడిని బట్టి మారుతుంది. పది డిగ్రీల తేడాకు దాదాపు అర స్వరంలో మూడో వంతు కదులుతుంది. చలిలో దిగుతుంది, వేసవిలో ఎక్కుతుంది. దాన్ని అప్పటికప్పుడు మార్చలేరు, మీరే మారాలి. పెద్ద ఆర్గన్ ఎక్కువగా వెనక గుమ్మం పైన గ్యాలరీలో ఉంటుంది. మీకూ దానికీ 40 మీటర్ల దూరం ఉంటే శబ్దం చేరడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. చెవితో కలపబోతే వెనకబడతారు, కండక్టర్ చేతినే చూడండి. చాలా చర్చిల్లో ముందు భాగంలో చిన్న ఆర్గన్ ఒకటి ఉంటుంది, దాన్ని వాడొచ్చా అని అడగండి. అక్కడి ఆర్గనిస్టుకు డబ్బిచ్చి పిలిస్తే ఆయన్ను ఉద్యోగిగా నమోదు చేయాల్సి వస్తుంది, ఆ పని నిర్వాహకులకు వదిలేయండి.

శనివారం రిహార్సల్‌కు గంట కూడా దొరకలేదు. ఇలా ఎందుకు?

వేసవి శనివారం మధ్యాహ్నాలు పెళ్లిళ్లు, సాయంత్రం ఆరింటి ప్రాంతంలో మాస్ (పూజ). మధ్యలో మిగిలేది అరగంట. ఆ అరగంటలో పాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా పాడకండి. ప్రవేశం, నిలబడే వరుసలు, ప్రతి పాట మొదటి నాలుగు బార్లు, ఆఖరి కార్డ్. అంతే. కుదిరితే కచేరీని శుక్రవారానికో ఆదివారం సాయంత్రానికో మార్చుకోండి.

## కచేరీ రోజు

కచేరీ ఎనిమిదిన్నరకు. అన్నం ఎప్పుడు తినాలి?

ఇదే పెద్ద చిక్కు. రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండింటికి వంటిల్లు మూసి, మళ్లీ ఏడు దాటాకే తెరుస్తాయి. అయిదున్నరకు ముప్పై మందికి భోజనం ఎక్కడా దొరకదు. మధ్యాహ్నం కడుపునిండా తినండి, సాయంత్రం బేకరీ నుంచి సాండ్‌విచ్, అరటిపండు. కచేరీ తర్వాత ఆతిథ్య క్వయర్ చిన్న విందు ఇస్తుంది. కేకులు, వైన్, జ్యూస్, కిష్ (గుడ్డు, క్రీము వేసి కాల్చిన వంటకం) ముక్కలు. శాకాహారులు కిష్ తినే ముందు అడగండి, అందులో పంది మాంసం ముక్కలుండటం మామూలు.

చర్చిలో బట్టలు మార్చుకోవడానికి, బాత్రూమ్‌కు చోటు ఉంటుందా?

చాలా చర్చిల్లో బాత్రూమ్ ఉండదు. కచేరీకి ముందు ఎదురుగా ఉన్న కేఫే గతి, అది ఎన్నింటికి మూస్తారో కనుక్కోండి. బట్టలు మార్చుకోవడానికి సాక్రిస్టీ అనే చిన్న గది ఇస్తారు, ఆడా మగా వంతులవారీగా వాడుకోవాలి. హోటల్లోనే మార్చుకుని రావడం నయం.

జూన్‌లో కూడా స్వెటర్ కావాలా?

కావాలి. మందపాటి రాతి గోడలు ఎండను లోపలికి రానివ్వవు. నల్ల చీరలోపల థర్మల్ వేసుకున్న ఆల్టోలే గంటన్నర నిలబడగలిగారు.

పాట మధ్యలో గంటలు మోగాయి. ఆపించలేమా?

గంటకు, అరగంటకు మోగే గంటలను కొన్ని ఊళ్లలో ఆ సాయంత్రానికి ఆపుతారు. మునిసిపల్ ఆఫీసులో వారం ముందు అడగాలి. సాయంత్రం ఏడు ప్రాంతంలో మోగే ఆంజెలుస్ (ప్రార్థన గంట) పెద్దది, చాలాసేపు మోగుతుంది. ఏడింటికి కచేరీ పెట్టకపోవడమే మందు.

చప్పట్లు ఆగకుండా ఒకే తాళంలో కొడుతున్నారు. కోపమా?

కాదు, ఇంకో పాట కావాలని. ‘బిస్’ అని కూడా అరుస్తారు. ఒకటి పాడండి, రెండోది వాళ్లు నిలబడితేనే.

## ప్రయాణం, తిండి, గొంతు

రాత్రి పదకొండుకు దించిన డ్రైవర్ పొద్దున ఏడింటికి రానన్నాడు. డబ్బు ఎక్కువిస్తే వస్తాడా?

రాడు, రాకూడదు. యూరప్ చట్టం ప్రకారం డ్రైవర్‌కు రోజుకు 11 గంటల విశ్రాంతి ఉండాలి, వారానికి కొన్నిసార్లు మాత్రమే దాన్ని 9కి తగ్గించొచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం, రోజుకు మామూలుగా 9 గంటలే డ్రైవింగ్. బస్సులోని పరికరం అన్నీ రాసుకుంటుంది. కచేరీ మర్నాడు బయల్దేరే టైము పదిన్నర అని ముందే వేసుకోండి.

ఆవకాయ, నెయ్యి, చికెన్ పచ్చడి తీసుకెళ్లొచ్చా?

ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులో తీసుకెళ్లండి, గట్టిగా చుట్టి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి కుదరవు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం ఈయూలో (యూరోపియన్ యూనియన్‌లో) నిషేధం. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా వద్దు. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ దగ్గర లా షాపెల్ వీధుల్లో తమిళుల దుకాణాల్లో కరివేపాకు, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి.

శాకాహారం అని చెబితే చేప పెట్టారు!

‘మాంసం, చేప, కోడి ఏదీ తినను, గుడ్డు తింటాను’ అని విడివిడిగా రాసివ్వండి. చాలామందికి చేప మాంసం లెక్కలోకి రాదు.

గొంతు పోయింది. రేపు కచేరీ ఎలా?

మాట్లాడకండి. గుసగుస కూడా వద్దు, అది గొంతును ఇంకా అలసిపోయేలా చేస్తుంది. నీళ్లు తాగండి. రెస్టారెంట్‌లో ‘కరాఫ్ దో’ అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు, మంచివే. ఆకుపచ్చ క్రాస్ గుర్తున్న మందుల షాపులో ఫార్మసిస్టు మాత్రలు చెబుతారు. జ్వరం, ఊపిరి ఇబ్బంది ఉంటే 15కు లేదా 112కు ఫోన్ చేయండి. మర్నాటికీ గొంతు రాకపోతే వరుసలో నిలబడి పెదాలు కదపండి, మీ సెక్షన్ లీడర్‌కు ముందే చెప్పి.

జూన్ 21న వీధుల్లో ఎవరైనా పాడొచ్చంట కదా?

అవును. 1982లో మొదలైన సంగీత పండుగ అది. దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది. కానీ నాలుగడుగులకో డ్రమ్స్, స్పీకర్లు. మైకు లేని గొంతులు పెద్ద కూడలిలో ఎవరికీ వినపడవు. ఒక పాత భవనం లోగిలి ఇమ్మని మునిసిపల్ ఆఫీసును నెల ముందే అడగండి.

## కచేరీ అయ్యాక

వీడియో యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

మీ బృందం వరకు, అందరూ సరేనంటే. ఆతిథ్య క్వయర్ ముఖాలు, ముఖ్యంగా పిల్లలు కనిపిస్తే వాళ్ల అనుమతి తీసుకోండి, అక్కడ దీన్ని గట్టిగా పట్టించుకుంటారు. అదే రోజు నిజంగా ఏయే పాటలు పాడారో జాబితా సరిచేసి సాసెమ్ కోసం వాళ్లకు పంపండి, బిస్ పాటతో సహా.

బుట్టలో వచ్చిన చిల్లర ఏం చేయాలి?

అక్కడే ఇద్దరు ఆతిథ్య క్వయర్ సభ్యులు, ఇద్దరు మీవాళ్లు కూర్చుని లెక్కపెట్టి కాగితం మీద సంతకాలు చేయండి. నోట్లు కోశాధికారికి. నాణేలు మన దేశంలో ఎవరూ మార్చరు, కాబట్టి టోల్ దగ్గర, బేకరీలో, ఆఖరి రోజు కాఫీలకు వాడేయండి. లేదా మీ వాటా నాణేలు ఆతిథ్య క్వయర్‌కు ఇచ్చి అంత విలువైన నోట్లు తీసుకోండి, వాళ్లకు వచ్చే కచేరీలో చిల్లర ఎలాగూ కావాలి.